నేను చెప్పినా నొక్కొద్దు

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. అబద్ధం. నాకు ఉండాల్సినంతే ఉంది, మిగతావాళ్లకే తక్కువ.

కానీ ఆ సోమవారం పొద్దున మాత్రం నిజంగానే ఒళ్లు మండిపోయింది. గేటు దగ్గర లారీలన్నీ ఇంజన్లు ఆన్ చేసుకుని నిలబడ్డాయి, ఒక్కటీ కదలదు. మావి ఏసీ లారీలు. ఆసుపత్రులకు మందులు, ఇంజెక్షన్లు చల్లదనం పోకుండా చేర్చడం మా కంపెనీ పని. ఏ లారీ ఎక్కడికి వెళ్లాలో, దారిలో ఏం మారిందో డ్రైవర్లకు చెప్పేది డిస్పాచ్ ఇన్‌చార్జి, అంటే నేను. పొద్దున రూట్ కాగితం చేతికిస్తాం, ఆ తర్వాత చెప్పేదేదైనా మెయిల్లోనే. ఒకసారి ఎవడో ఆసుపత్రి మనిషినని ఫోన్ చేసి ఒక లోడంతా దారి మళ్లించుకుపోయాడు. అప్పట్నుంచి మా దగ్గర ఫోన్లో చెప్పిన మాట చెల్లదు.

ఆ మెయిలే తెరుచుకోవడం లేదు. డ్రైవర్లెవరి ఫోన్లో చూసినా ఎర్రటి గుర్తు, దాని కింద 'ఈ సర్వర్ ఎవరిదో నిర్ధారించలేకపోతున్నాం' అని ఒక ముక్క. ఆ కింద రెండు బటన్లు. వెనక్కి వెళ్లు. అయినా కొనసాగించు.

నేను విసవిసా వెళ్లి సర్వర్ గది తలుపు తోశాను.

లోపల మెయిలాయన ఉన్నాడు. కంపెనీ మెయిళ్ల వ్యవహారమంతా చూసుకునే మనిషి కాబట్టి ఆఫీసంతా అలాగే పిలుస్తుంది. ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుంటాడు. ఆ గది చల్లదనం మెషీన్లకి పడుతుంది, మనుషులకి కాదు.

"తలుపు కొట్టి రావచ్చు కదా మేడమ్" అన్నాడు, తల కూడా తిప్పకుండా.

"లారీలు కదిలాక కొడతాను. మెయిల్ ఎందుకు రావట్లేదు?"

"వస్తోందే. శనివారమే కొత్త సర్టిఫికెట్ పెట్టాను. పాతదానికి గడువు అయిపోతోంది." లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. "చూడండి. తాళం గుర్తు, అంతా శుభ్రం."

"నేను అడిగింది మీ లాప్‌టాప్ సంగతి కాదు. డ్రైవర్ల ఫోన్ల సంగతి."

"ఆ ఫోన్లు పాతవి."

"అన్నీనా?"

"అన్నీ ఒకేసారి కొన్నారుగా."

జవాబు సిద్ధంగా పెట్టుకున్న మనుషులంటే నాకు అసహ్యం. "ఇప్పుడేం చెయ్యమంటారు? కొత్త ఫోన్లు కొనేదాకా మందులు వెచ్చబెట్టుకోమంటారా?"

"కొనసాగించు అని నొక్కమనండి. ఏం కాదు."

వాదించే టైము లేదు. గేటు దగ్గరికి వచ్చి అందరికీ వినపడేలా అరిచాను. నా గొంతు సంగతి తెలిసినవాళ్లు, నన్ను వెనకాల 'హారన్' అని పిలుచుకునేవాళ్లు, నవ్వుకుంటూ నొక్కేశారు. లారీలు ఒక్కొక్కటే బయటికి పోయాయి. చివర్లో మా నాన్న లారీ. అందరికంటే పాత డ్రైవర్ ఆయన. ఎక్కేముందు స్టీరింగ్‌ని గుడ్డతో తుడవందే కూర్చోడు. నేను చెప్పింది విని తలూపాడు.

తలూపాడంటే నొక్కాడనే అనుకున్నాను.

మర్నాడు ఒక ఆసుపత్రిలో కోల్డ్ రూమ్ పాడైంది. అక్కడ దించొద్దు, పక్క ఆసుపత్రికి తీసుకెళ్లండి అని మెయిల్ పెట్టాను. అది నాన్న లోడే. మెయిల్ వెళ్లిందని నా స్క్రీన్ చెప్పింది, నేను వేరే పనిలో పడ్డాను. నాన్న మాత్రం పొద్దున చేతికిచ్చిన రూట్ ప్రకారం పాత చోటికే వెళ్లి, రాత్రి డ్యూటీ దిగబోతూ, కోల్డ్ రూమ్ సంగతి తెలియని అటెండర్ సంతకం తీసుకుని దించేశాడు. పాడైపోయిన ఆ కోల్డ్ రూమ్‌లోనే పెట్టెలన్నీ వెచ్చబడిపోయాయి. సాయంత్రానికి లోడంతా పనికిరాదని తేల్చారు.

బుధవారం పొద్దున బాస్ నాన్న చేతిలోంచి లారీ తాళాలు తీసుకున్నాడు. శుక్రవారం విచారణ. తప్పు నాన్నదని తేలితే ఉద్యోగం పోతుంది, పోతూ పోతూ మందులు పాడుచేసిన డ్రైవర్ అన్న పేరు కూడా వెంట వస్తుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క పెట్టె వెచ్చబెట్టని మనిషికి.

నేను ఇంటికి పరుగెత్తాను. నాన్న వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు.

"మెయిల్ ఎందుకు చూడలేదు నాన్నా?"

"ఎర్రది వచ్చింది కదమ్మా."

"నొక్కమని చెప్పాను కదా. తలూపావు కదా."

"విన్నానని ఊపాను. నొక్కుతానని కాదు." చాలా మామూలుగా అన్నాడు. "ఆ మెయిల్ అబ్బాయే కదా క్యాంటీన్‌లో మా అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఎవరి గురించి వాళ్లు చెప్పుకునే హామీ చెల్లదు, ఎర్రది వస్తే అవతల ఉన్నది మన సర్వరో దొంగ సర్వరో తెలీదు, నొక్కొద్దు అని. బాస్ చెప్పినా నొక్కొద్దు, నేను చెప్పినా నొక్కొద్దు అన్నాడు. నేను నొక్కలేదు."

"మరి గేటులో ఎవరికైనా చెప్పొచ్చుగా."

"చెప్పాను. నొక్కెయ్ అన్నారు."

అమ్మ లోపల్నుంచి "నీ బిడ్డే కదా, నీలాగే మొండిది, అరవకుండా ఎలా ఉంటుంది" అంది. ఆ మాట నాకో ఆయనకో తేలకముందే నేను చెప్పులేసుకున్నాను.

ఆఫీసుకి తిరిగి వచ్చేసరికి విచారణ కోసం మెయిలాయన ఇచ్చిన రిపోర్టు నా టేబుల్ మీద ఉంది. సర్వర్‌లో లోపం లేదు. మెయిల్ చేరింది. డ్రైవర్ తెరవలేదు. అంతే. మనిషి బతుకు మీద ఇంత పొదుపుగా రాసినవాణ్ని నేను చూడలేదు.

ఈసారీ తలుపు కొట్టలేదు.

"ఎవరి లోపం లేదు?" రిపోర్టు ఆయన కీబోర్డు మీద పడేశాను.

"మేడమ్, నేను లాగ్ చూసే రాశాను. మెయిల్ ఆయన మెయిల్‌బాక్స్‌లోకి చేరింది..."

"మీ ఫోన్ తీయండి."

"నా ఫోనా?"

"అందులో కంపెనీ మెయిల్ ఉందా?"

కొంచెం ఇబ్బందిగా చూశాడు. "నేను ఫోన్లో ఆఫీసు మెయిల్ పెట్టుకోను. ఇంటికెళ్లాక మనశ్శాంతి కావాలి కదా."

"మా అందరి మెయిల్ చూసే మనిషికి మెయిల్ లేదు. భేష్. ఇప్పుడు పెట్టండి. మీది కొత్త ఫోనే కదా. నా కళ్ల ముందు పెట్టండి."

విసుక్కుంటూనే పెట్టాడు. అడ్రస్ కొట్టాడు, పాస్‌వర్డ్ కొట్టాడు. ఒక్క క్షణం తిరిగింది.

ఎర్రటి గుర్తు.

మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే. తర్వాత ఆయన మొహం ఫోన్‌లోని గుర్తు రంగుకే వచ్చింది. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఏవేవో టకటకా కొట్టి, చివరికి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"చెప్పండి" అన్నాను.

"మధ్యలో ఒకరు లేరు."

"నాకు అర్థమయ్యేలా చెప్పండి, లేదంటే ఇక్కడున్న వైర్లన్నీ పీకేస్తాను."

"మన సర్వర్ మంచిదేనని ఒక సంస్థ హామీ ఇస్తుంది. అదే సర్టిఫికెట్. కానీ ఆ సంస్థెవరో ఫోన్‌కి తెలీదు. ఫోన్‌కి తెలిసింది దాని పైన ఉన్న పెద్ద సంస్థ ఒక్కటే. అందుకని మన హామీతో పాటు, ఆ మధ్య సంస్థని పెద్ద సంస్థ నమ్ముతోందని చెప్పే ఇంకో సర్టిఫికెట్ కూడా సర్వర్‌లో పెట్టాలి. అది పెట్టడం మర్చిపోయాను."

"మరి మీ లాప్‌టాప్?"

"అది వేరే పనిమీద ఆ మధ్య సర్టిఫికెట్‌ని ఇదివరకే చూసింది. గుర్తుపెట్టుకుంది. అందుకే నాకు అంతా బాగానే కనిపించింది." గొంతు తగ్గింది. "మీరు సోమవారమే చెప్పారు. నేను మీ ఫోన్లని అన్నాను."

నాకు సంతోషం కలగాల్సింది. కలగలేదు. ఎంత పెద్ద తప్పు జరిగిందో అనుకుంటూ వచ్చాను, తీరా చూస్తే ఇంత చిన్నది. ఇంత చిన్నదాని కోసం మా నాన్న గుమ్మంలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆయన అప్పటికే కీబోర్డు మీదకి వంగాడు.

"ఏం చేస్తున్నారు?"

"సరిచేస్తున్నాను."

"ఆగండి. ఇప్పుడు సరిచేస్తే శుక్రవారం అందరి ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది. మా నాన్న అబద్ధం చెప్పినట్టవుతుంది. విచారణ అయ్యేదాకా ముట్టుకోకండి."

"ఈలోగా ఇంకో లారీకి ఇలాగే అయితే?"

"అందరూ నొక్కేశారుగా."

"అదే ప్రమాదం. ఎర్రది చూసి నొక్కడం అలవాటైపోయింది. రేపు నిజంగా దొంగ వచ్చినా నొక్కుతారు. ఇది ఒక్క గంట కూడా ఇలా ఉంచలేను మేడమ్."

"మరి మా నాన్నకి రుజువు?"

"నేను చెబుతాను."

నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. "మీరా? సోమవారం చెప్పింది మీరే. రిపోర్టులో రాసింది మీరే. మీ మాటని పట్టుకుని నేను ఎలా నిద్రపోను?"

"నిద్రపోవద్దు" అన్నాడు. ఆయనకీ కోపం వచ్చింది, మొదటిసారి. "కోపంగానే ఉండండి. కానీ నేను దీన్ని ఇలా వదిలెయ్యను."

ఎంటర్ నొక్కాడు. ఇంటి నుంచి తెచ్చిన నాన్న ఫోన్ నా చేతిలోనే ఉంది. ఎర్రది మాయమై, సోమవారం నుంచి ఆగిన మెయిళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి దిగాయి. నేను పంపిన మార్పు కూడా వాటిలోనే ఉంది. ఫోన్ విసిరికొట్టాలనిపించింది. నాన్నది కాబట్టి కొట్టలేదు.

శుక్రవారం పొద్దున్నుంచీ వాన. బాస్ గదిలో కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి. నాన్న తెల్ల చొక్కా వేసుకొచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మెయిలాయన ఎదురుగా, బాస్ పక్కన. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

బాస్ తన ఫోన్ పైకెత్తి చూపించాడు. "నాకు మెయిల్ బాగానే వస్తోంది. రిపోర్టు కూడా ఉంది. ఇంక మాట్లాడటానికేముంది?"

"ఇప్పుడు బాగుంది సార్" అన్నాడు మెయిలాయన. "బుధవారం దాకా బాగాలేదు. సర్టిఫికెట్ సగమే పెట్టాను. ఆ రిపోర్టు తప్పు. నేను వెనక్కి తీసుకుంటున్నాను."

బాస్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. "ఆలోచించి మాట్లాడు. నిన్ను ఆ సెక్షన్‌కి హెడ్‌గా వేద్దామనుకుంటున్నాం."

ఇక్కడే జారిపోతాడు అనుకున్నాను. జారిపోవడానికి ఇంతకంటే మంచి మెట్టు దొరకదు.

"ఆలోచించే వచ్చాను సార్. ఈయన చేసిన తప్పేంటంటే, నేను క్యాంటీన్‌లో చెప్పింది నమ్మాడు. ఎవరు చెప్పినా నొక్కొద్దన్నాను. తర్వాత నేనే నొక్కమన్నాను. గేటులో నొక్కమన్నారు. డిస్పాచ్ మేడమ్ అరిచి మరీ నొక్కమన్నారు." ఆ మాటకి నా వైపు చూడలేదు, చూసుంటే ఏమయ్యేదో నాకూ తెలీదు. "ఆ రోజు అవతల నిజంగా దొంగ సర్వర్ ఉంటే, లోడ్లన్నీ పోయేవి. ఈయన లారీ ఒక్కటే మిగిలేది."

బాస్ సొరుగు తీసి లారీ తాళాలు నాన్న ముందుకు తోశాడు.

నాన్న వెంటనే తీసుకోలేదు. "తప్పు ఎవరిదైతేనేం సార్, ఆసుపత్రిలో వాళ్లకి మందు ఆలస్యమైంది. నాకు అదే గుచ్చుకుంటోంది" అన్నాడు. అప్పుడు తీసుకున్నాడు.

హెడ్ పదవి గాల్లో కలిసిపోయింది. దానికి తోడు బాస్ ఒక శిక్ష వేశాడు. "ఇక మీదట మెయిల్లో నువ్వు ఏ మార్పు చేసినా, ఈ అమ్మాయి డ్రైవర్ల ఫోన్లలో చూసి సరే అనాలి. అప్పటిదాకా నువ్వు చేసినట్టు కాదు." శిక్ష ఎవరికి వేశాడో ఆయనకే తెలియాలి.

బయటికి రాగానే నిలదీశాను. "అరిచి మరీ అంటారా?"

"అరిచారుగా."

"హెడ్ పోస్టు గురించి ఒక్క మాట అనొచ్చుగా, నోరు పడిపోయిందా?"

"అంటే మీ నాన్నగారి విషయం పక్కకు పోయేది." స్వెటర్ చేతులు లాక్కుంటూ అన్నాడు. "మీకెందుకు కోపం? పోయింది నాదే కదా."

అదే నాకూ అర్థం కాలేదు. అందుకని ఇంకాస్త కోపం వచ్చింది.

డిస్పాచ్ గది చిన్నది. దానికి యార్డు వైపు ఒక కిటికీ. ఏ మార్పు చేసినా ఆయన ఆ కిటికీ బయట నిలబడి, ఫోన్లు ఒక్కొక్కటే నాకందిస్తాడు. నేను తెరిచి చూసి, తప్పు దొరుకుతుందేమోనని వెతికి, దొరక్క, సరే అంటాను. వానాకాలం ముదిరింది. ఒకరోజు గొడుగు గాలికి తిరగబడి, తడిసి ముద్దయిపోయాడు. ఫోన్లు మాత్రం స్వెటర్ లోపల పొడిగా ఉన్నాయి.

"లోపలికి రండి అనొచ్చుగా" అన్నాడు.

"తలుపు కొట్టి రావచ్చుగా" అన్నాను.

చుట్టూ తిరిగి వెళ్లి నిజంగానే తలుపు కొట్టాడు. తీశాను. గదంతా నీళ్లు చేశాడని తిట్టాను. నా తువ్వాలు ఇచ్చానని ఇంటికెళ్లాక గానీ గుర్తురాలేదు.

ఆ తర్వాత రోజూ రావడం మొదలైంది. ఒకరోజు పట్టుకున్నాను. "నిన్న ఏం మార్చారు?"

"ఏం మార్చలేదు."

"మరి దేనికి టెస్టు?"

"మీకింకా కోపం ఉందో లేదోనని."

"ఉంది."

"అయితే రేపు కూడా వస్తాను."

"చూడండి, నాకు పనుంది. తిన్నగా చెప్పండి."

కిటికీ ఊచ పట్టుకున్నాడు. "తిన్నగానే చెబుతాను. మీరంటే నాకు ఇష్టం. నేను తప్పు చేశానని ఈ ఆఫీసులో నా మొహం మీద చెప్పింది మీరొక్కరే. అందరూ సర్లే అని నొక్కేస్తారు. మీరు నొక్కరు. జీవితాంతం మీ చేత తిట్టించుకోవాలని ఉంది."

"ఇలాంటి మాట కిటికీలోంచి చెబుతారా ఎవరైనా? బుద్ధుందా? డ్రైవర్లంతా చూస్తున్నారు."

చూడటమే కాదు. ఎవడు మొదలుపెట్టాడో, ఒక లారీ హారన్ మోగింది. వెంటనే ఇంకోటి. తర్వాత యార్డు యార్డంతా మోత. ఆ మోతలో నేనేమన్నానో ఆయనకి వినపడలేదట. రెండోసారి చెప్పను అన్నాను. కానీ చెప్పాను.

ఆదివారం ఆయన మా ఇంటికొచ్చాడు. స్వెటర్ లేకుండా చూడటం అదే మొదటిసారి, గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. అమ్మ టీ ఇచ్చింది. నాన్న ఎదురుగా కూర్చుని, ఆయన తన ఉద్యోగం గురించి, వాళ్లమ్మానాన్నల గురించి చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. విని గ్లాసు కింద పెట్టాడు.

"బాబూ, నాకోసం నువ్వు చేసింది మర్చిపోను. దానికి దండం పెడతాను. కానీ పిల్లనివ్వడం వేరు. నువ్వు మంచివాడివని నువ్వే చెబుతున్నావు. ఎవరి గురించి వాళ్లు చెప్పుకునే హామీ చెల్లదని క్యాంటీన్‌లో నువ్వే అన్నావు కదా."

మెయిలాయనకి తన పాఠమే అడ్డొచ్చింది.

"మీ వాళ్లు నాకు తెలీదు, నేను మీ వాళ్లకి తెలీదు" అన్నాడు నాన్న. "మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "నేను కనపడట్లేదా? మధ్యలో నేనున్నాను. నేను చెబుతున్నాను ఈయన మంచివాడని."

నాన్న నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "ఆ సోమవారం కూడా నువ్వు చెప్పావు తల్లీ, ఏం కాదు నొక్కమని. నేను నొక్కలేదు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అయినా ఆగలేదు.

"ఆ రోజు నేను చెప్పింది ఈయన మాట. చూసుకోకుండా, టైము లేదని, మోసుకొచ్చి నీకు చెప్పాను. ఇది నా మాట నాన్నా. ఈయన్ని నేను తిట్టాను, నిలదీశాను, తప్పు దొరుకుతుందేమోనని రోజూ వెతికాను. దొరికిన తప్పు ఈయనే బాస్ ముందు ఒప్పుకున్నాడు. నేను చూసి చెబుతున్నాను."

ఎప్పుడు ఏడుపు మొదలైందో తెలీదు. కోపంగానే ఏడ్చాను. ఆయన జేబులోంచి తువ్వాలు తీసి ఇచ్చాడు. నాదే, ఆ వానరోజుది. ఇన్నాళ్లూ తిరిగివ్వనందుకు ఒకసారి చుర్రున చూశాను.

నాన్న మా ఇద్దర్నీ చూశాడు. ఎర్ర గుర్తు వస్తే బాస్ చెప్పినా, గేటువాళ్లు చెప్పినా, ఉద్యోగం పోతున్నా నొక్కని మనిషి. చెయ్యి చాపి నా తల మీద పెట్టాడు.

"సరే" అన్నాడు. "నొక్కేశాను."